ఎలాదియా నోరు మూసుకున్న మధ్యాహ్నం

స్పెయిన్‌లోని సెవియా ఊళ్ళో, నదికి అవతల ఉన్న త్రియానా పేటలో, ఒక మండువా ఇంట్లో పుట్టింది ఎలాదియా. ఆ ఇంట్లోనే పెళ్ళికూతురైంది, ఆ ఇంట్లోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. డెబ్బై దాటాక చూసుకుంటే పాతవాళ్ళలో తనొక్కతే మిగిలింది. ఒకప్పుడు అక్కడ గదికో సంసారం ఉండేది. ఇప్పుడు గదికో సూట్‌కేసు.

వేసవిలో ఆ ఇంటికి ప్రాణమంతా మండువా మీద కప్పే గుడ్డ పందిరే. ఎండ గోడ దిగకముందే తాళ్ళు లాగి గుడ్డ పరిచేయాలి. పొద్దు వాలాక తీసేసి, నేల మీద నీళ్ళు చల్లాలి. గదికో వారం చొప్పున వంతు. ఎలాదియా మొగుడు ఫ్రోయిలాన్ బద్ధకస్తుడే కానీ తన వంతు వచ్చిన వారం ఆ తాళ్ళు ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. అతను పోయాడు, ఒక్కొక్క కుటుంబమే ఖాళీ చేసి వెళ్ళింది, అందరి వంతులూ ఆమె చేతికే వచ్చాయి. పింగాణీ పలకల కార్ఖానాలో నీలం పువ్వులు దిద్ది దిద్ది వంకర పోయిన ఆ వేళ్ళతోనే లాగేది. ఆలస్యమైతే ఇల్లంతా వినపడేలా అరిచేది. ఆమె నోటికి ఆ పేటలో పేరుంది.

ఇప్పుడు నాలుగు రోజులకని గదులు అద్దెకు తీసుకునే యాత్రికులు ఎండ మొహం చూడని దేశాలవాళ్ళు. మిట్టమధ్యాహ్నం గుడ్డ తీసేసి కింద పడుకునేవాళ్ళు. ఎలాదియా తిడుతూ వచ్చి మళ్ళీ కప్పేసేది. ఫిర్యాదులు వెళ్ళాయి. జూన్‌లో, యజమానుల తరఫున ఇల్లు చూసే ఫాబియాన్ వచ్చాడు.

"ఎలాదియా గారూ, వాళ్ళు ఇంత దూరం వచ్చేది ఎండ కోసమండీ. మీరేమో దాన్ని దాచేస్తున్నారంట."

"నా పెట్టెలో దాచానేమో, వచ్చి వెతుక్కో నాయనా! వేసవిలో ఇక్కడ ఎండ ఎవడిక్కావాలి, బల్లులకు తప్ప?"

"నవ్వులాట కాదు. సెప్టెంబరుతో మీ అద్దె గడువు అయిపోతుంది. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే మళ్ళీ పొడిగించరు. ఆ తాళ్ళు ముట్టుకోకండి. వాళ్ళ జోలికి పోకండి."

ఆ ఆదివారం పాత స్నేహితురాలు పురి వచ్చింది. ఒకప్పుడు ఎదురుగదిలో ఉండేది. ఇప్పుడు ఊరి చివర పదో అంతస్తులో ఉంటోంది.

"ఒసేయ్, నోరు మూసుకోవే. నేను నోరు పారేసుకునే కదా ఆ అగ్గిపెట్టెలో పడ్డాను! లిఫ్టులో పలకరిస్తే గోడకేసి చూస్తారు అక్కడి జనం."

"మూసుకుంటాలే."

"నువ్వా? నీ శవం కూడా మోసేవాళ్ళని తిడుతూనే పోతుందే!"

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. కానీ ఎలాదియా మాట నిలబెట్టుకుంది.

ఆగస్టులో హాలెండు నుంచి ఓ కుర్ర జంట దిగింది. పిల్ల పేరు ఫెమ్కె. వచ్చీరాని మాటల్లో రోజూ పలకరించేది. ఒకరోజు రెండు పీచ్ పళ్ళు తెచ్చి ఎలాదియా కిటికీలో పెట్టి పోయింది కూడా. ఓ మధ్యాహ్నం కుర్రాడు ఎక్కడికో వెళ్ళాడు. ఫెమ్కె గుడ్డ తీసేసి, పడక కుర్చీ లాక్కుని పడుకుంది.

కిటికీ చెక్కల సందులోంచి ఎలాదియా చూసింది. మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. చల్లటి టమాటా చారు, గస్పాచో, ఓ గిన్నెడు తాగి నడుం వాల్చింది.

కాసేపాగి మళ్ళీ చూసింది. పిల్ల కదలకుండా పడుకుని ఉంది, ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. భోజనాలయ్యాక ఆ పేటలో ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు, కునుకు తీసేవాళ్ళని లేపడం అక్కడ పెద్ద తప్పు. నిద్రపోతోంది, అనుకుంది ఎలాదియా. నిజంగానే అనుకుందో, అలా అనుకోవడం తేలికని అనుకుందో ఆమెకే తెలియాలి. వెళ్ళి మళ్ళీ పడుకుంది.

మూడోసారి చూసినప్పుడు ఆ చెయ్యి అలాగే ఉంది. పెదవి మీద ఈగ వాలింది, పిల్ల తోలుకోలేదు.

ఎలాదియా చెప్పుల్లేకుండా పరిగెత్తింది. పిల్ల ఒళ్ళు చెమట లేకుండా కాలిపోతోంది. గుడ్డ కప్పేసి, బిందెడు నీళ్ళు కుమ్మరించి, రెండు నెలలుగా అణుచుకున్న గొంతంతా ఎత్తి అరిచింది. వీధి వీధంతా లేచి వచ్చింది. అంబులెన్సు పిల్లని తీసుకుపోయింది.

ఆ సాయంత్రం కుర్రాడు సామాను కోసం వచ్చాడు. బతుకుతుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదన్నాడు. ఎలాదియా కిటికీకేసి చూసి, ఫోన్లో ఏదో నొక్కి, తన భాషలో ఒక మాట అని ఆమె ముందు పెట్టాడు. ఫోను ఆ మాటని స్పానిష్‌లోకి మార్చి ఆడగొంతుతో అడిగింది: "మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"పడుకున్నాను," అంది ఎలాదియా.

అతను తలూపి, పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

సెప్టెంబరులో ఫాబియాన్ నవ్వుతూ వచ్చాడు, కొత్త ఒప్పందం పట్టుకుని.

"వేసవంతా మీ మీద ఒక్క మాట రాలేదు. చూశారా, నోరు పట్టుకుంటే ఎంత సుఖమో! ఇక హాయిగా ఉండండి."

ఎలాదియా కలం అందుకోలేదు. "ఆ పిల్లకి ఎలా ఉంది?"

"ఏ పిల్ల?"

"ఆగస్టులో. అంబులెన్సులో తీసుకుపోయారే."

"ఓ, వాళ్ళా! ఏమో, తెలీదండీ. మళ్ళీ కబురేం లేదు. గొడవేం పెట్టలేదు పాపం, మంచి మనుషులు." కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఇక్కడ."

ఎలాదియా సంతకం పెట్టింది. పలక మీద నీలం పువ్వు దిద్దినంత తీరుగా వచ్చింది. ఆ చెయ్యిని చూస్తే ఆమెకే అసహ్యం వేసింది.