మెడ దాకా అద్దం

ఆవిరి స్నానాల గదిలో గోడ పొడవునా ఉన్న అద్దాన్ని తుడవడమే అతని ఉద్యోగం. అందుకే అందరూ అతన్ని తుడుపాయన అంటారు. ఈ చివర నుంచి తుడుచుకుంటూ ఆ చివరకు చేరేసరికి ఈ చివర మళ్ళీ ఆవిరి పట్టేసేది. యజమాని ఎవరో కాదు, స్వయానా భార్య తమ్ముడు. "ఏం బావా, అద్దం తుడవడం కూడా చేతకాదా?" అని పదిమందిలో ఎత్తిపొడిచేవాడు. ఇదివరకే రెండు మూడు ఉద్యోగాలు ఊడగొట్టుకున్న ఘనుడు కాబట్టి, ఇదీ పోతే ఇంట్లో తలెత్తుకోలేడు.

ఒకరోజు ఇంట్లో బాత్రూం అద్దం మీద పొడి సబ్బుబిళ్ళ రుద్ది, మరక కనబడకుండా పొడిబట్టతో మెరుగుపెట్టి చూశాడు. ఎదురుగా వేడినీళ్ళ బకెట్టు పెట్టినా అద్దం మసకబారలేదు. ఇంకేం, మర్నాడే స్నానాల గది అద్దాన్ని కూడా పైనుంచి కిందిదాకా రుద్దేసి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

ఏం లాభం! తువ్వాలు తీసి ముందుకొచ్చిన ఓ పెద్దమనిషి అద్దంలో బొజ్జను చూసి, ఎవరో అనుకుని పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఓ హెడ్మాస్టరు ఊపిరి బిగబట్టి పొట్టను లోపలికి లాక్కున్నాడు గానీ, ఎంతసేపని ఆపగలడు పాపం! గబగబా చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా గది బోసిపోయింది.

"జనాన్ని తరిమేశావు కదయ్యా! వాళ్ళు మళ్ళీ రాకపోతే నువ్వూ రావద్దు. అక్కకు నువ్వే చెప్పుకో," అన్నాడు బావమరిది. అద్దం తళతళలాడుతుంటే తప్పెక్కడుందో తుడుపాయనకు ఎంత బుర్ర గోక్కున్నా తట్టలేదు.

ఇంటికెళ్ళేసరికి భార్య బాత్రూం అద్దం కింది సగానికి తువ్వాలు వేలాడదీసి, పై సగంలో తల దువ్వుకుంటోంది.

"తువ్వాలు అక్కడేశావేంటే?"

"మొహం కనబడితే చాలదా? మిగతా భాగోతమంతా ఎందుకు?"

అంతే, ఉన్నపళంగా వెనక్కి పరిగెత్తి, స్నానాల గది అద్దానికి మెడ కిందున్న సబ్బంతా తడిబట్టతో కడిగేశాడు. పొట్టివాళ్ళ కోసం ఓ మూల మాత్రం కాస్త కిందికి వదిలాడు. ఇక పైన మొహాలు నిగనిగ, కింద బొజ్జలు ఆవిరిలో మాయం. ఒక్కొక్కరే తిరిగొచ్చారు. బావమరిది కూడా తువ్వాలు విప్పి, మీసం దువ్వుకుంటూ, "బుర్ర ఉందయ్యా బావా నీకు!" అన్నాడు.

తుడుపాయన సంబరంగా ఇంటికొచ్చి, తువ్వాలు తీసి ఆ అద్దాన్నీ మెడ కింద కడిగేశాడు.

"పైన కూడా కడిగెయ్," అంది భార్య ముద్దుగా. "నా మొహం ఎలా ఉందో ఇకనుంచి నువ్వే చెబుదువుగాని."

అతను పొంగిపోయి అదీ కడిగేసి, ఆమెను తేరిపార చూశాడు.

"కాస్త పెద్దదానివయ్యావు గానీ, మీ తమ్ముడి మొహం కంటే నయమే," అన్నాడు.

ఆమె వెళ్ళి సబ్బుబిళ్ళ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"రుద్దు," అంది.