రెండు ఎక్స్‌రేల సాక్ష్యం

చివరి శ్వాస దాకా మా నాన్నను విడువని దేవునికి స్తోత్రం. అన్యాయాన్ని ఆయన మరచిపోడు. నేనూ మరచిపోలేదు.

వనపర్తిలో మా చర్చి సంఘపెద్ద, మేమంతా పెద్దయ్య అని పిలిచే ఆయన, ఆర్‌ఎంపీ వైద్యుడు కూడా. నాన్నకు దగ్గు తగ్గకపోతే, ఎక్స్‌రేను కిటికీకి ఎత్తి చూసి టీబీ అన్నాడు. తెమడ పరీక్ష చేయించకుండానే మాత్రలు మొదలుపెట్టాడు. దగ్గు కాస్త నెమ్మదించగానే, ఆదివారం ఆరాధనలో నాన్నను నిలబెట్టి స్వస్థత సాక్ష్యం చెప్పించాడు. సాక్ష్యం చెప్పినవాడు మళ్లీ రోగమంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని మా సంఘంలో భయం. అందుకే తెమడలో నెత్తురు పడినా నాన్న రుమాలులో దాచాడు. బట్టలు ఉతుకుతూ నేను చూశాను. హైదరాబాదు తీసుకుపోతానని పెద్దయ్యకు చెప్పాను.

"నీకు విశ్వాసం లేదా ఏంది బిడ్డా? ఆడ సూది గుచ్చుతరు. గుచ్చితే టీబీ గడ్డ ఒళ్లంత పాకుతది."

నాలుగు నెలలు ఆయన మాట విన్నాం. ఆయాసం ముదిరాక తీసుకువెళ్లాను. అక్కడ స్కాన్ తీశారు, సూదితో గడ్డలోని ముక్క తీశారు, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటినీ పరీక్షించారు.

"క్యాన్సర్ ఆ నీటిలోకీ చేరింది. అంటే నాలుగో దశమ్మా. ఆపరేషన్ కుదరదు. కీమోతో ఊపిరి కొంత సులువవుతుంది, నయం కాదు," అన్నాడు డాక్టరు. సూది సంగతి అడిగాను. "ఆ భయంతోనే చాలామంది ఆలస్యంగా వస్తారు. ముక్క తీయకుండా ఏ రోగమో ఎలా చెప్పేది?"

మూడు కీమోల తర్వాత నాన్న పోయాడు.

ఆ పై ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. మొదటి ఎక్స్‌రేనూ చివరిదాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తాను. ఒకదానిలో నిమ్మకాయంత తెల్లమచ్చ. రెండోదానిలో సగం ఛాతీ తెలుపే.

"కూసో బిడ్డా, ఇది మందిరం," అన్నాడు ముందు వరుసలోంచి పెద్దయ్య.

"అందుకే ఈడ చెప్తున్న, పెద్దయ్యా. మా నాయనను ఈడనే నిలబెట్టిన్రు గద."

పాటలు పాడే అక్క ఒకామె పుస్తకం మూసి బయటికి నడిచింది. ఆమెకూ అవే మాత్రలిస్తున్నాడాయన. మర్నాడు ఆమె ప్రభుత్వ దవాఖానలో తెమడ పరీక్షకు వరుసలో నిలబడింది. నెల తిరిగేసరికి పెద్దయ్య వైద్యం చేసే గది ముందు రోగులు కూర్చునే బల్ల ఖాళీ అయింది. దాన్ని చూడటానికే రోజూ ఆ దారిన వెళ్లాను.

క్షమించమని సంఘమంతా అడిగింది. క్షమించలేదు. చదివే మీరు కూడా నాతో మోకరించండి: ప్రభువా, ఆ బల్ల మీద ఇంకెవరినీ కూర్చోనివ్వకు. ఆ చేయి మరో ఎక్స్‌రేను కిటికీకి ఎత్తనివ్వకు. ఆమేన్.