నలుగురు లచ్చవ్వలు

2022 ఫిబ్రవరి. సిరిసిల్లలో ఎప్పుడో మూతపడిన ఒక చేనేత సంఘం భవనం. పెంకుల కప్పు, రెండు గదులు, ముందొక వరండా. గదుల్లో గోడల పొడవునా చెక్క అరలు, అరల నిండా బట్టలో చుట్టి ముడివేసిన కాగితాల కట్టలు. వాటిని విప్పి, చూసి, జాబితా రాసి, డబ్బాల్లో సర్ది హైదరాబాదులో పాత రికార్డులు భద్రపరిచే ఆఫీసుకు పంపడం నా పని.

సర్వేకి వచ్చామంటే జనం భూమి కొలవడానికి అనుకుంటారు. మేము వెతికేది కాగితాలను. ఏ ఊళ్లో, ఎవరింట్లో, ఏ మూతపడిన ఆఫీసులో పాత రికార్డులు మిగిలాయో తెలుసుకుని, ఏవి ఎన్ని ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో రాసుకుంటాం. ఆ జాబితానే ఇన్వెంటరీ అంటాం. మాది జగిత్యాల. ఇరవై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల ఇదే తిరుగుడు. కోనరావుపేటలో ఒకరింటి వడ్ల గదిలో పాత పహాణీలు, అంటే భూమి రికార్డులు, చూశాను. ఇబ్రహీంపట్నంలో ఒకావిడ గల్ఫ్ నుంచి భర్త రాసిన ఉత్తరాలను ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఎన్ని ఉన్నాయో రాసుకొమ్మంది, చదవనివ్వలేదు. కవర్లు లెక్కపెట్టి వచ్చేశాను.

ఈ పనిలో ఒక మత్తుంటుంది. మధ్యాహ్నం పెంకుల సందుల్లోంచి ఎండ సన్నగా దిగేది, దుమ్ము అందులో తేలుతూ ఉండేది. బయట నాలుగు దిక్కులా సాంచాల చప్పుడు. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. తెరిపి లేని వానలా ఉంటుంది ఆ చప్పుడు, కాసేపటికి చెవులు దాన్ని మరిచిపోతాయి. అప్పుడు ఒక్కో అర్జీ విప్పుతుంటే, అది రాయించుకున్న మనిషి వచ్చి వరండాలో వరుసలో నిలబడ్డట్టుండేది. నూలు రాలేదని ఒకరు, మగ్గం గుంటలోకి నీళ్లొచ్చాయని ఒకరు. ఒక రోజు తలెత్తకుండానే “రేపు రండి” అన్నాను. ఎవరూ లేరు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న సత్తయ్య మాత్రం నన్ను వింతగా చూశాడు. ఆ భవనం తాళంచెవి ఇన్నేళ్లూ మొలతాడుకు కట్టుకుని కాపాడిన మనిషి ఆయన. డెబ్బై దాటాయి. ఒకప్పుడు గుంట మగ్గం మీద చీరలు నేసినవాడు.

నా పనితనం మీద నాకు కొంచెం గర్వం ఉండేది, దాచుకోవడమెందుకు. కాగితాలు ఏ వరుసలో దొరికితే ఆ వరుస చెడగొట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఒరిజినల్ ఆర్డర్ అంటాం. దాన్ని నేను ప్రాణంలా పాటించాను. ఒక కట్టలో కాగితం ఇంకో కట్టలోకి పోలేదు. కట్టకొక డబ్బా, డబ్బాకొక నంబరు. పైన చుట్టిన బట్టలను మాత్రం తీసేశాను. పాత బట్టలో పురుగు గుడ్లుంటాయి, తేమ పడుతుంది, రికార్డుకు చేటు అని మాకు నేర్పారు. వాటి స్థానంలో ఆమ్లం లేని కాగితం చుట్టాను, అది అక్షరాలను తినదు. విప్పిన బట్టలన్నీ రెండు గోనెసంచుల్లో కుక్కి మూలన పెట్టించాను, తర్వాత తగలబెట్టొచ్చని. నాలుగైదింటిని చింపి, అరలు తుడవడానికి వాడుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. శనివారం లారీ వస్తుందనగా గురువారం నర్సవ్వ వచ్చింది.

కోరుట్ల నుంచి వేములవాడలో బస్సు మారి, ఒంటరిగా వచ్చింది. సన్నటి మనిషి, డెబ్బై పైబడ్డ వయసు. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కంట్లో మిగిలిన చూపు కూడా ఎక్కువ రోజులుండదని డాక్టరు చెప్పాడట. పాత సంఘం తలుపులు తెరిచారని ఇక్కడి చుట్టాలు ఫోన్లో చెబితే, ఆ చూపు ఉండగానే వచ్చేసింది. వరండా మెట్టు మీద కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక చెప్పింది.

“మా అవ్వ మొఖం నాకెర్క లేదు బిడ్డా. నేను పాలు మరువకముందే పోయింది. ఫోటో లేదు, ఏం లేదు. గీ సంఘంల ఏలిముద్ర ఏసిందని మా మేనత్త చెప్పేది. గదొక్కటి సూద్దామని అచ్చిన.”

ఇక్కడ అవ్వ అంటే అమ్మ. ఆ అమ్మ పేరు లచ్చవ్వ, నాన్న రాజయ్య. రాజయ్య నేత పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి వెళ్లి మళ్లీ రాలేదు. లచ్చవ్వ చంటిపిల్లను పక్కన పడుకోబెట్టుకుని తానే మగ్గం గుంటలోకి దిగింది. సంఘంలో సభ్యత్వం ఉంటేనే నూలు ఇచ్చేవాళ్లు కాబట్టి అర్జీ పెట్టుకుని వేలిముద్ర వేసింది. ఏడాది తిరక్కుండానే జ్వరంతో పోయింది. మేనత్త పిల్లను కోరుట్ల తీసుకుపోయింది.

నేను ధీమాగా ఇన్వెంటరీ తెరిచాను. సభ్యత్వ అర్జీలన్నీ పేర్లతో రాసి పెట్టుకున్నాను కదా, ఎంతసేపని. కొద్దిసేపట్లో లచ్చవ్వ, భర్త రాజయ్య దొరికింది. ఆ తర్వాత ఇంకో లచ్చవ్వ, భర్త రాజయ్య. ఆ తర్వాత ఇంకొకరు. మొత్తం నలుగురు, నాలుగు వేర్వేరు డబ్బాల్లో. ఆ కాలపు గుమాస్తాకు ఇంటిపేరు రాసే ఓపిక లేదు, వాడ పేరు రాసే అలవాటూ లేదు. సభ్యుల సూచిక పుస్తకం ఒకటుండేదట, అది చెదలకు పోయింది.

నాలుగు అర్జీలూ బల్ల మీద పరిచాను. నర్సవ్వ నా భూతద్దం పట్టుకుని, ముక్కు కాగితానికి ఆనేంతగా వంగి, నాలుగింటినీ చూసింది. నాలుగు నల్లటి ముద్రలు, నలుగురు ఆడవాళ్లు. చాలాసేపటికి తలెత్తింది.

“నలుగురు అవ్వలను ఎట్ల తీస్కపోను బిడ్డా? నాకు ఒక్కతే గద.”

వాళ్లది ఏ వాడ అని అడిగాను. గడ్డ మీది వాడ అంది. అప్పుడు స్తంభం దగ్గర నుంచి సత్తయ్య తాపీగా అన్నాడు, అయితే ఆ వాడ కట్ట తీస్తే సరిపోతుంది కదా అని. కట్టకూ వాడకూ ఏం సంబంధమని అడిగాను.

“వాడకొక కట్ట మేడం. ఏ వాడ కట్టకు ఆ వాడోళ్లే బట్ట నేసిచ్చేది. వాడకో అంచు. అప్పటి అటెండరుకు సదువు రాకపోయేది. అంచు సూసే కట్ట తెచ్చేటోడు.”

ఇన్ని రోజులు నా పక్కనే కూర్చుని ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు కాస్త లేచినట్టుంది.

“మీరు సదువుకున్నోళ్లు గద మేడం. అంచులు రాసుకున్నంకనే ఇప్పిండ్రనుకున్న.”

ఆయన మాటలో వెటకారం లేదు, నిజంగానే అలా అనుకున్నాడు. వరుసను ప్రాణంలా కాపాడానని మురిసిపోయిన నేను, ఆ వరుస రాసి ఉన్న చోటునే విప్పి గోనెసంచిలో పడేశాను. నాకు ఏడుపొచ్చింది. నర్సవ్వ ముందు ఏడవడానికి సిగ్గేసి, టీ తెస్తానని బయటికి వెళ్లి, సాంచాల చప్పుడులో ముక్కు చీదుకుని వచ్చాను.

గడ్డ మీది వాడ అంచు ఎలా ఉండేదో సత్తయ్యకు గుర్తు లేదు, ఆయనది ఇంకో వాడ. గడ్డ మీది వాడ కూడా ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. కానీ నర్సవ్వకు ఒకటి తెలుసు. చిన్నప్పుడు తనను పడుకోబెట్టిన తొట్టెల బట్ట, అంటే ఉయ్యాల బట్ట, వాళ్లమ్మ నేసిందే, మేనత్త పారేయకుండా ఉంచింది. ఇంటి బట్టకూ వాడ అంచే వేసేవాళ్లన్నాడు సత్తయ్య. పెళ్లయ్యేదాకా నర్సవ్వ దాన్ని తల కింద పెట్టుకుని పడుకునేది. రంగులన్నీ ఉతుకుల్లో పోయి తెల్లగా అయిపోయిందట. అంచు మాత్రం వేలికి తగిలేది. రెండు సన్న గీతలు, ఒక దొడ్డ గీత, మళ్లీ రెండు సన్న గీతలు. నిద్ర పట్టేదాకా ఆ అంచు మీద వేలు అటూ ఇటూ నడిపేదట. “గట్ల నడిపిత్తే అవ్వ పక్కకున్నట్టె ఉండేది” అంది.

శుక్రవారం పొద్దున్నే చుట్టాలింటి నుంచి వచ్చి గోనెసంచుల ముందు కూర్చుంది. నేను ఒక్కో బట్ట తీసి ఇస్తుంటే, కళ్లు మూసుకుని అంచు తడిమి పక్కన పెట్టేది. ఇన్నేళ్లూ మగ్గం మీద తెగిన పోగులు ముడివేసిన వేళ్లు అవి. ఒక బట్ట ముట్టుకుని ఈ నేత వదులుగా ఉందనేది, ఇంకోటి ముట్టుకుని వీళ్లు పోగు పొదుపు చేశారనేది. ఎండ గీత గది ఈ చివర నుంచి ఆ చివరకు జరిగింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏ వాడలో నడుస్తోందో, ఎవరెవరి గడపలు దాటుతోందో నాకు తెలియదు. ఆ గదిలో మాట్లాడాలంటే ఎవరినో నిద్ర లేపినట్టవుతుందని నేను బట్టలు మాత్రం అందిస్తూ పోయాను.

సాయంత్రానికి రెండు సంచులూ ఖాళీ అయ్యాయి. ఆ అంచు దొరకలేదు.

ఆమె కొంగుతో చేతుల దుమ్ము దులుపుకుంది. మరునాడు లారీ వస్తే డబ్బాలన్నీ వెళ్లిపోతాయి, ఆ తర్వాత హైదరాబాదు వెళ్లి చూసేంత చూపు ఆమెకు ఉంటుందో లేదో. ఏదైనా తాగమని చెప్పి, టీ గ్లాసు పెట్టడానికి బల్ల తుడిచాను. తుడుస్తున్న నా చేతిని ఆమె పట్టుకుంది. తుడుపుగుడ్డ కొస ఆమె మణికట్టుకు తగిలినట్టుంది. గుడ్డను మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, అంచు మీద వేలు నడిపింది, వెనక్కి తిప్పి మళ్లీ నడిపింది.

“గిదే” అంది.

నేను చింపిన బట్ట. రెండు వారాలుగా దానితో అరలు తుడుస్తున్నాను. సగం ఎక్కడ పోయిందో తెలియదు. సత్తయ్య తీసుకెళ్లి కిటికీ వెలుతురులో ముడి నలిగిన చోటును వేళ్లతో విప్పాడు. ఆ మడతలో రంగు ఇంకా ఉంది. రెండు ముదురెరుపు పోగులు, ఒక దొడ్డ నీలి పట్టె, మళ్లీ రెండు ముదురెరుపు పోగులు.

అప్పుడు నాకు నా ఇన్వెంటరీలోని స్థితి అనే గడి గుర్తొచ్చింది. కాగితాలు ఎంత పాడయ్యాయో రాసే గడి అది. దాదాపు ప్రతి కట్టకూ అక్కడ ఒకటే రాశాను, పై కాగితం మీద నీటి మరక, బట్ట రంగు అంటుకుంది అని. కప్పు కారిన ఏదో వానాకాలంలో బట్టలు తడిసి, అంచుల రంగు లోపలి కాగితానికి దిగింది. నేను దాన్ని నష్టం కింద రాసుకున్నాను.

నలుగురు లచ్చవ్వల డబ్బాలు ఒక్కొక్కటే తెరిచాను. మొదటి దాని పై కాగితం మీద పచ్చ మరక. రెండోదాని మీద ఒకే ఒక ఎర్ర పట్టె. మూడోదాని మీద, వెలిసిపోయినా తెలుస్తూనే, రెండు ముదురెరుపు గీతలు, మధ్యలో నీలం, మళ్లీ రెండు గీతలు. నాలుగోది కూడా తెరిచి చూశాను, అది పసుపు. మూడో డబ్బాలోని లచ్చవ్వ అర్జీని తీసి నర్సవ్వ ముందు పెట్టాను.

భూతద్దం అందుకోలేదు. వంగి, కంటితోనే చూసింది. తర్వాత తన బొటనవేలు తెచ్చి, తాకకుండా, ఆ ముద్ర పక్కన గాలిలో నిలిపింది. ముద్ర చిన్నది. నర్సవ్వ వేలి వెడల్పులో ముప్పాతిక ఉంటుందేమో, అంతే. పైన గుమాస్తా చేతిరాతలో వయసు రాసి ఉంది, చదివి వినిపించాను. పద్దెనిమిది.

ఆమె చాలాసేపు ఆ వేలిని అలాగే ఉంచింది. బయట సాంచాలు ఆడుతూనే ఉన్నాయి.

“అవ్వంటె పెద్ద మనిషి అనుకున్న బిడ్డా ఇన్నొద్దులు. ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోయిందని కోపం కూడ చేసిన. గింత చిన్న పోరి. నా మన్మరాలంత లేదు.”

తర్వాత నాతో కాదు, కాగితంతో అంది, “భయపడ్డవా అవ్వా?”

సత్తయ్య వరండాలోకి వెళ్లిపోయాడు. నేను ఈసారి బయటికి వెళ్లలేదు, ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను. ఫోటో తీసి ఇస్తానన్నాను. వద్దంది, చూశాను చాలు అంది. ఆమె అడిగింది ఒకటే. అర్జీని మళ్లీ ఆ బట్టలోనే చుట్టమంది.

అది మా నియమాలకు విరుద్ధం. చుట్టాను. గోనెసంచుల్లోని మిగతా బట్టలను కూడా, మరకలతో జత కలిపి, ఎవరి డబ్బాలో వాళ్లవి పెట్టాం. శుక్రవారం రాత్రి కొంత, లారీ వచ్చేదాకా శనివారం కొంత, సత్తయ్య అంచులు చూసి చెబుతుంటే నేను రాశాను. రెండు మూడు కట్టలకు జత దొరకలేదు. అవి నేను చింపినవే అయ్యుంటాయి.

ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా నా జాబితాలో ఒక గడి ఎక్కువ. దేనిలో చుట్టారు, దేనితో కట్టారు, ఎవరు నేశారు అని. ముడి విప్పకముందే అక్కడ ఉన్న మనిషిని అడుగుతాను, ఇది మీకెలా గుర్తు అని. తెలిసిన మనిషి పక్కనే కూర్చుని ఉంటాడు, మనం అడగం, మనకు తెలుసని వాళ్లనుకుంటారు. సిరిసిల్లలో నేను నేర్చుకున్నది ఇదే.

గడ్డ మీది వాడ డబ్బా ఇప్పుడు హైదరాబాదులో ఒక అరలో ఉంది. ఎవరైనా తెరిస్తే, బట్ట స్థితి అన్న చోట నా చేతిరాత కనిపిస్తుంది. సగమే ఉంది, మిగతా సగం ఈ జాబితా రాసిన మనిషి తెలియక చింపింది, అంచును లచ్చవ్వ కూతురు నర్సవ్వ వేలితో గుర్తుపట్టింది.