నాయన వెనక్కి తీసుకున్న బంటు

మా నాయన తెల్లపావులు తీసుకుంటే మొదటి ఎత్తు ఏమిటో చూడనక్కర్లేదు. రాణి ముందున్న బంటు రెండు గళ్లు ముందుకొస్తుంది. రేణిగుంట రైల్వేలో పనిచేసినన్నాళ్లూ అదే ఎత్తు, రిటైరయ్యాకా అదే. నాకు చదరంగం నేర్పింది ఆయనే కాబట్టి, ఆ ఎత్తుకు ఓడిపోతూనే పెరిగాను.

దానికి మందు నాకు ముప్పై ఐదేళ్లు దాటాక దొరికింది. నేను పనిచేసే గోడౌన్ ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోన్లో చూసి బుడాపెస్ట్ గాంబిట్ అనే ఎత్తుగడ నేర్చుకున్నాను. నల్లపావులతో ఆడేవాళ్లు రెండో ఎత్తులోనే రాజు ముందున్న బంటును ఊరికే ఇచ్చేస్తారు. తిన్నవాడు దాన్ని కాపాడుకునే తిప్పల్లో పడతాడు. అందులో ఒక ఉచ్చు ఉంది. తెల్లపావుల మూల బంటు నా బిషప్‌ను బెదిరిస్తుంది. నేను దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తాను. ఆశపడి తిన్నారో, నా గుర్రం ఎగిరి వాళ్ల రాజు దగ్గర వాలుతుంది. రాజు చుట్టూ సొంతవాళ్లే, కదలడానికి గడి ఉండదు. గుర్రాన్ని తినగలిగే ఒకే ఒక బంటు పక్కకు జరిగితే వెనక నుంచి నా రాణి రాజు మీద పడుతుంది. ఆట కట్టు.

ప్రతి ఆదివారం ఇంట్లో ఆడుకునేవాళ్లం. అది నేర్చుకున్నాక మొదటి ఆదివారమే నాయన పడ్డాడు. కట్టు అన్నాను. ఆయన మాత్రం తాపీగా నా గుర్రాన్ని తీసి పాత గడిలో పెట్టి, తన బంటును వెనక్కి లాక్కున్నాడు.

"ఉండు పాపా, సూసుకోలేదు."

మా ఇంట్లో అదొక రివాజు. పెద్దవాళ్లు ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, చిన్నవాళ్లు అడగకూడదు. మా తాత దగ్గర నాయన కూడా అలాగే ఆడాడట. వెనక్కి తీసుకోవచ్చని తెలిసినవాడికి చూసి ఆడాల్సిన అవసరం ఏముంది? రెండు మూడు వారాలకొకసారి ఆయన ఆ బిషప్‌ను తినేవాడు, నేను కట్టేదాన్ని, ఆయన వెనక్కి తీసుకునేవాడు. తర్వాత నిదానంగా ఆడి నన్ను ఓడించేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇంత వయసొచ్చి, చదరంగం కోసం నాయనతో పోట్లాడతావా అని అమ్మ నన్నే తిట్టేది.

పోయిన వేసవిలో చిత్తూరులో పోటీ పెట్టారు. ఆఖరి ఆట గెలిస్తే నాకు జిల్లా జట్టులో చోటు. ఎదుట కూర్చున్నది నామం పెట్టుకున్న ఒక పెద్దాయన. రాణి బంటుతో మొదలుపెట్టాడు. నేను ఎర వేశాను, ఆయన తిన్నాడు. తర్వాత బిషప్‌నూ తిన్నాడు. గుర్రాన్ని ఎత్తి పెట్టి, కట్టు అన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, చూసుకోలేదమ్మా అంటూ నా గుర్రాన్ని వెనక్కి పెట్టి, తన బంటును లాక్కున్నాడు.

నేను చెయ్యెత్తి, తీర్పు చెప్పే ఆర్బిటర్‌ను పిలిస్తే చాలు, ఆట నాది. పిలవలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో కూర్చున్నట్టే నోరు మూసుకుని కూర్చున్నాను. గంట తర్వాత ఓడిపోయాను.

తిరిగొచ్చే తిరుపతి బస్సులో, నాతోపాటు వచ్చి హాలు బయటే కూర్చున్న నాయనకు జరిగింది చెప్పాను. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

"కట్టినాక ఆయప్పను ఎనక్కి ఎట్ల తీసుకోనిచ్చినావు?"

ఇంట్లో నువ్వు చేసేది అదే కదా అన్నాను. ఇల్లు యాడ, పోటీ యాడ అని ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆయన మీద ఎంత కోపమో, నా మీద నాకు అంతకు రెట్టింపు.

ఆ ఆదివారం మళ్లీ బోర్డు పరిచాడు. అదే బంటు, అదే ఎర. ఆ ఉచ్చు గురించి బస్సులో చెప్పినా, మళ్లీ బిషప్‌ను తిన్నాడు. గుర్రం పెట్టాను. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. మణికట్టు దగ్గర పట్టుకున్నాను. ఆయన చేతిని అలా ఆపడం నా జీవితంలో అదే మొదలు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నేను వదల్లేదు.

నాయన నా మొహం వైపు చూశాడు. తర్వాత తల వంచి బోర్డు చూశాడు. రాజును, చుట్టూ ఉన్న పావులను, గుర్రాన్ని, దూరంగా ఉన్న నా రాణిని ఒక్కొక్కటిగా చూశాడు. చాలాసేపు పట్టింది.

"బలే కట్టినావే," అన్నాడు. "ఇది ఎప్పుడు నేర్సుకున్నావు పాపా?"