ఓదెలుకు ఒడుపు నేర్పినవాళ్లు

పంజాగుట్ట బంగళాలో ఓదెలు పని పూలమొక్కలకు నీళ్లు పొయ్యడం. పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిది ఎండాకాలంలో ఒక పొద్దున, కుండ దించి వరండా ముందుకు రమ్మని కబురొచ్చింది. అక్కడ బంగళా దొర కొడుకు చిన్నదొర రెండు చేతులకూ లావుపాటి తోలు గ్లౌజులు తొడుక్కుని నిలబడి ఉన్నాడు. మద్రాసులో చదువుకుంటూ బాక్సింగ్ మరిగి వచ్చిన మనిషి. పత్రికల్లోంచి కత్తిరించిన బాక్సర్ల బొమ్మలు వరండా గోడ నిండా అంటించుకున్నాడు. ఇసుక మూటను కొట్టి కొట్టి విసుగు పుట్టిందట.

"మూట కదుల్తలేదురా. నువ్వు కదులు. మొకం కాపాడుకో. నా మీద చెయ్యి లేసిందంటే తోలు తీస్త," అన్నాడు.

"నీ బాంచెన్ దొరా," అన్నాడు ఓదెలు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక తల్లి కమలవ్వను వెంటబెట్టుకుని వచ్చి ఏడాది కూడా కాలేదు. మూడో గుద్దుకే ముందుపన్ను ఊడి చేతిలో పడింది.

ఇంటికొచ్చాక కమలవ్వ ఉప్పునీళ్లు ఇచ్చి పుక్కిలించమంది. ఎర్రటి నీళ్లు చూసి కొంగు నడుముకు చుట్టింది.

"కొట్టించుకునుడు సుత ఒక కొలువేనారా? పోయి అడుగుత ఆ దొరను."

"అడిగితే ఏమైతదవ్వా? గుడిసె ఉన్న జాగ ఆయనదే," అన్నాడు ఓదెలు. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. ఆ పూట పొయ్యి వెలగలేదు.

చిన్నదొరకు నేర్పడానికి పీటర్స్ అనే ముసలాయన లాలాగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆంగ్లో ఇండియన్, రైల్వేలో పని చేసి దిగినవాడు, వయసులో ఉన్నప్పుడు పెద్ద బాక్సర్. ఎడమచెయ్యి ముందుకు చాపి తిన్నగా పొడవమని చెప్పేవాడు. చిన్నదొర వినేవాడు కాదు. ఈ వారం ఒక బొమ్మలో వాడిలా గడ్డం భుజంలో దాచుకునేవాడు, పై వారం ఇంకొకడిలా చేతులు కిందికి వదిలేసేవాడు. ఎవరి ఒడుపూ అతని ఒంటికి పట్టలేదు. పాఠాలన్నీ ఓదెలుకే ఒంటబట్టాయి. ఒంటబట్టి ఏం లాభం? చెయ్యి లేపే హక్కు లేదు.

ఒకరోజు మేనమామ మొగిలయ్య అతని వాచిన మొహం చూశాడు. అమీర్‌పేట తాలీంలో ఇరవై ఏళ్లు కుస్తీ పట్టిన మనిషి ఆయన.

"వాని చేతులెంబడి చూస్తున్నవారా?"

"మరేం చూడాలె మామా?"

"చెయ్యి అబద్ధమాడ్తది. నడుము అబద్ధమాడది. నడుము తిరగంది గుద్దు రాదు. గది చూడు."

ఆ ముక్క ఓదెలు పళ్లను కాపాడింది. ఆరు నెలలు తిరిగేసరికి, చిన్నదొర నడుము ఎటు మళ్లితే ఏ చెయ్యి వస్తుందో ముందే తెలిసిపోయేది. ఏడాది దాటాక పది గుద్దుల్లో రెండు తగిలితే గొప్ప. పీటర్స్ ఒకనాడు నోరు జారి "వాహ్!" అన్నాడు.

చిన్నదొర మొహం మాడిపోయింది. మరునాడు నేలలో ఒక గుంజ పాతించాడు. ఓదెలు ఎడమకాలి చీలమండకు తాడు బిగించి ఆ గుంజకు కట్టించాడు, మేకను కట్టినట్టు.

"ఇగ ఎటు ఉరుకుతవో చూస్త," అన్నాడు.

"ఇది బాక్సింగ్ కాదు సాబ్," అన్నాడు పీటర్స్ ఉర్దూలో.

"నీ పని నువ్వు చూస్కో."

పీటర్స్ తల దించుకుని గ్లౌజుల లేసులు సవరించాడు. ఓదెలుకు దొర మీద ఎంత కోపమొచ్చిందో, ఆ వంచిన తల మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

రెండేళ్లు అలా గడిచాయి. తాడు ఒరుసుకుని చర్మం లేచేది, మానేది, మళ్లీ లేచేది. పాదాలు కదిలే దారి లేక నడుము కదలడం నేర్చింది. వేలెడు దూరంలో గుద్దు పోయేటట్టు తల వాల్చేవాడు. గాలిని గుద్దీ గుద్దీ దొర రొప్పేవాడు. ఓదెలు లోపల కుతకుత ఉడికిపోతూ, పైకి మాత్రం "బాంచెన్" అనేవాడు.

నలభై మూడులో బేగంపేట విమానాల మైదానం పక్కన సిపాయిలు బాక్సింగ్ పోటీలు పెట్టారు. బయటివాళ్లకూ చోటుందన్నారు. పీటర్స్ గుడిసె ముందు సైకిల్ ఆపాడు.

"నీ పేరు రాయించిన."

"ఇయ్యాల యాదికొచ్చిన్నా సాబ్ నేను?"

చిన్నదొర కూడా అదే బరువు పోటీలో దిగుతున్నాడని ముసలాయన చెప్పాడు. అందుకే ఓదెలు ఒప్పుకున్నాడు.

ఇద్దరూ చెరో ఇద్దరు సిపాయిలను దాటి ఎదురెదురు పడ్డారు. ఓదెలు ఆ రెండూ సరిగ్గా కొట్టి గెలవలేదు. వాళ్లే గాలిని గుద్ది అలిసిపోతే, పీటర్స్ అరిచినప్పుడల్లా ఒక్కటి తాకించి గట్టెక్కాడు. తాళ్లు కట్టిన గోదాలో చేతులు కలుపుతూ చిన్నదొర మెల్లగా అన్నాడు:

"రెండో రౌండ్ల పడిపో. మీ అవ్వ గుడిసె యాదుంచుకో."

మొదటి రౌండంతా ఓదెలు చెయ్యి లేవలేదు. ఎదుట మొహం తెరుచుకుని ఉన్నా లేవలేదు. నాలుగేళ్ల భయం మోచేతిలో గూడు కట్టుకుంది. మూలకొచ్చి కూర్చున్నప్పుడు తన చేతిని తానే నరుక్కోవాలనిపించింది.

రెండో రౌండులో దొర నడుము కుడికి తిరిగింది. ఓదెలు తల వాల్చాడు. గుద్దు చెవి పక్కనుంచి పోయింది. ఈసారి ఓదెలు కొట్టాడు. ముక్కు పగిలిన చప్పుడు అతనికే వినబడింది. దారి దొరికిన చెయ్యి ఇక ఆగలేదు. రెఫరీ వచ్చి నడుము పట్టి లాగేదాకా ఆగలేదు.

బహుమతి ఇవ్వబోతూ తెల్ల ఆఫీసరు, ఇంత చక్కని పద్ధతి ఎవరు నేర్పారని అడిగాడు. పీటర్స్ నోరు తెరిచేలోపు చిన్నదొర ముక్కుకు గుడ్డ అదుముకుని నవ్వాడు.

"నా మనిషే. నేనే తయారుజేసిన," అని తెలుగులో ఓదెలుకు వినిపించేటట్టు ఒకసారి, ఇంగ్లీషులో ఆఫీసరుకు ఒకసారి అన్నాడు.

అందులో సగం నిజమున్నందుకే ఓదెలుకు ఎక్కువ మండింది.

"అవును దొరా, కట్టేసి నేర్పినవు," అని పైజామా ఎత్తి కాలు స్టూలు మీద పెట్టాడు. చీలమండ చుట్టూ నల్లటి మచ్చ. పీటర్స్ ఈసారి తల దించలేదు, ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు ఒకసారి చూసి, కప్పు చేతిలో పెట్టి, తర్వాతి పోటీవాళ్లను పిలిచాడు. ఇంకేమీ అడగలేదు.

మరునాటి పొద్దున గుడిసె పీకేశారు. గిన్నెలు మూటగట్టుకుని మొగిలయ్య ఇంటికి నడుస్తూ కమలవ్వ అడిగింది:

"ఎన్ని గుద్దినవురా?"

"యాది లేదవ్వా."

"మంచిగైంది," అంది, మూట నెత్తి మీద సర్దుకుని.

తర్వాత ఓదెలు అమీర్‌పేటలో కుట్టుమిషను తొక్కుతూ, సికింద్రాబాద్ పోటీల్లో ఆడాడు. చూసినవాళ్లు నాట్యం చేసినట్టున్నదని మెచ్చుకుంటే, ఆ ఊపు గుంజ నేర్పిందని అతనికి ఒళ్లు మండేది. నలభై ఆరులో చిన్నదొర మనిషి హనుమాండ్లు వచ్చాడు. దొర క్లబ్బు పెడుతున్నాడట, ఉస్తాద్‌గా రమ్మన్నాడట.

"గుంజ ఇంకా ఉన్నదానే?" అని అడిగాడు ఓదెలు, మిషను ఆపకుండా. "దానికి దొరను కట్టు. వస్త."

ఆ ఏడే ఓదెలు తన మామ తాలీంలో ఒక మూల, బాక్సింగ్ నేర్పడానికి నలుగురు దర్జీలను, ఇద్దరు బండివాళ్లను పోగేశాడు. వాళ్లంతా ఆ నడుము ఊపు నేర్పమని మొదటిరోజే పట్టుబట్టారు. ఓదెలు నేర్పనన్నాడు, ముందు చెయ్యి లేవాలన్నాడు. దర్జీ రాజనర్సయ్యను ముందుకు పిలిచి, తన ఛాతీ చూపించి కొట్టమన్నాడు. మొగమాటపడి రాజనర్సయ్య చెయ్యి తాకించాడు.

"ఏందిరా గది? కొట్టు!" అని తాలీం దద్దరిల్లేటట్టు అరిచాడు ఓదెలు. రాజనర్సయ్య ఈసారి బలమంతా పెట్టి కొట్టాడు. ఓదెలు రెండడుగులు వెనక్కి పడి, ఛాతీ రుద్దుకుంటూ, తర్వాతివాడిని రమ్మన్నాడు.