ఆమేన్ చెప్పిన యాప్

ఆ రోజుల్లో ఒక స్త్రీ కోసం, ఒక నేల కోసం, ఒక రాజ్యంతో జరిగిన మహాసంగ్రామాన్ని మీకు చెప్పబోతున్నాను. చెప్పబోయే ముందు ఆలోచిస్తే ఆ స్త్రీ మా మేనత్త, ఆ నేల చాపాడు దగ్గర సెంటున్నర స్థలం, సంగ్రామం మొత్తం నా ఫోనులోనే జరిగింది. నేనప్పుడు గ్రామ సచివాలయంలో కొత్తగా చేరిన ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని. (ఇంజనీరింగ్ తక్కువ, ఫొటోలు తీయడం ఎక్కువ.)

దేశంలో ప్రతి కుటుంబానికీ సొంతిల్లు ఉండి తీరాలని పైవాళ్లు నిశ్చయించుకున్నారు. బాడుగకు ఉండేవాళ్లంటే దారి తప్పిన గొర్రెలన్నట్టు వెతికి మరీ పట్టాలిచ్చారు, అదీ ఆడవాళ్ల పేరు మీద. పునాది లేచాక యజమానురాలు దాని మీద నిలబడాలి, యాప్ ఆమె ముఖాన్ని గుర్తుపట్టాలి. మా అత్త పునాదికి గడువు ఆ రోజు సాయంత్రం ఆరు. దాటితే పట్టా రద్దు. ప్రొద్దుటూరులో పెళ్లయినప్పటి నుంచి ఎనిమిది బాడుగిళ్లు మారిన అత్తకు ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

ఐదున్నరకు అత్త పునాది ఎక్కనంది. "అయ్యగారు ప్రార్థన చేయందే కాలు పెట్టను రా." చర్చి పాస్టరైన ఆ అయ్యగారికి ఫోన్ చేశాను. "ఎర్రగుంట్లలో సిమెంటు లారీల ఎనక ఎప్పుడో ఇరుక్కుంటి నాయనా, ఇప్పుడు ప్రొద్దుటూరు దాటినా, వస్తాండా." మామ మాత్రం తీరిగ్గా గట్టు మీద కూర్చున్నాడు. "సొంతిల్లంటే కొళాయి చెడినా మనమే బాగు చేసుకోవల్ల. బాడుగింట్లో అయితే తిట్టేదానికి ఓనరన్నా ఉంటాడప్పా."

ఐదూ నలభై రెండుకు అయ్యగారు దిగారు. అత్త పునాది ఎక్కి, కొంగు ముఖం మీదికి లాక్కుని, కళ్లు మూసుకుంది. ప్రార్థన ఇటుకల దగ్గర మొదలై, మేస్త్రీని, మండలాన్ని దాటి రాష్ట్రంలోకి ప్రవేశించేసరికి ఐదూ యాభై మూడు. 'ముఖం కనబడలేదు' అంది యాప్. తర్వాత 'కళ్లు ఆర్పండి' అంది. మూసిన కళ్లను ఎవరు మాత్రం ఎలా ఆర్పుతారు?

"అత్తా, ఒక్కసారి కళ్లు తెరువు!"

"ప్రార్థనలో కళ్లు తెరిచేదేంది? నోరు మూసుకో."

"పట్టా పోతాదత్తా!"

నేను మోకాళ్ల మీద కూర్చుని కొంగు కింద నుంచి ఫోను పెట్టాను. మామ తల గీరుకున్నాడు. "ఆమె ముఖం కోసం ఎందుకురా అంత అగసాట్లు పడతాండావు? నాకే సరిగ్గా కనపడి శానా ఏండ్లాయ."

ఐదూ యాభై ఎనిమిది. అయ్యగారు దేశ పాలకుల కోసం ఊపిరి పీల్చుకున్నారు. ఆ సందులో నేను గొంతు చించుకుని అరిచాను: "ఆమేన్!"

పుట్టినప్పటి అలవాటు. అందరూ "ఆమేన్" అన్నారు, అత్త కొంగు వెనక్కి తోసి కళ్లు తెరిచింది, ఎదురెండకు టపటపా ఆర్పింది. యాప్ పచ్చటి టిక్కు పెట్టింది.

"ఢిల్లీ ఇంకా మిగిలుంది కదా నాయనా," అన్నారు అయ్యగారు, బాధగా.

ఒక బీద కుటుంబాన్ని స్వయంగా నేనే యజమానుల జాబితాలో నిలబెట్టానని ఆ సాయంత్రం ఛాతీ విరుచుకుని బండి నడిపిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఇల్లు పూర్తయింది. చక్కగా ఉంది, సున్నం కూడా కొట్టించారు. అత్త ఇంకా ప్రొద్దుటూరులోనే, తొమ్మిదో బాడుగింట్లో ఉంది. ఆమె పిండి రుబ్బే టిఫిన్ హోటల్ తెల్లవారి ఐదున్నరకు తెరుస్తారు. ఆ ఇళ్ల లేఅవుట్ నుంచి ప్రొద్దుటూరుకు మొదటి బస్సు ఎనిమిదింపావుకు.