ఫొటో కోసం ఒక్క గుక్క

తొంభైల చివర్లో, కోతలయ్యాక కంకిపాడులో వాలీబాల్ పోటీలు పెట్టారు. ఖర్చంతా ఒక కూల్‌డ్రింక్ కంపెనీది. బెజవాడ నుంచి ఇద్దరమ్మాయిల్ని తెచ్చి, కంపెనీ టీషర్టులూ టోపీలూ వేయించి, కోర్టు పక్కన టేబుల్ దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్ళకి నవ్వుతూ చిన్న కప్పుల్లో డ్రింకు పోసివ్వడం వాళ్ళ పని. కోర్టు చుట్టూ కంటే ఆ టేబుల్ చుట్టూనే జనం ఎక్కువ.

ఒక మహిళా సంఘం తరఫున, రిటైరైన లెక్చరర్ ఒకావిడ అభ్యంతరం చెప్పడానికి వినతిపత్రంతో వచ్చారు. నేనూ, మా పేపరు ఫొటోగ్రాఫరూ ఆ వార్త కోసమే వెళ్ళాం.

"ఆటకీ ఈ పిల్లలకీ సంబంధం ఏంటండీ? వీళ్ళేమన్నా సర్వీస్ చేస్తారా?" అని ఆవిడ నిర్వాహకుల్ని నిలదీశారు.

"వాళ్ళుంటేనే కంపెనీ వస్తానంది మేడమ్. కంపెనీ లేకపోతే ఇక్కడ నెట్టు కూడా లేదు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

ఇద్దరి మాటలూ రాసుకున్నాను. ఆ అమ్మాయిల్ని కూడా అడగాలని నాకు తోచలేదు.

ఇంతలో కంపెనీ సూపర్‌వైజరు మా ఫొటోగ్రాఫర్ని పట్టుకున్నాడు. అమ్మాయిలు డ్రింకు తాగుతుండగా ఫొటోలు కావాలట, హెడ్డాఫీసుకి పంపాలట. మొదటమ్మాయి సీసా ఎత్తి తాగేసింది. రెండో అమ్మాయి పెదాల దాకా తెచ్చి ఆపేసింది.

"గుక్క వెయ్యమ్మా, గొంతు కదలాలి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ఇట్టాగే తీసెయ్యండి సార్."

"ఏం, విషం పోశామా అందులో?" సూపర్‌వైజరు విసుక్కున్నాడు. "తాగకపోతే రేపు ఫైనల్స్‌కి రావద్దు. ఇంకో అమ్మాయిని తెచ్చుకుంటా."

ఆ పిల్ల చుట్టూ చూసింది. దగ్గర్లో ఉన్న పెద్దావిడ లెక్చరరు గారొక్కరే. ఆవిడ వైపు జరిగి, నాకూ వినపడేలా మెల్లిగా అంది: "రోజాలో ఉన్నానండీ. చెప్తే పనిలో పెట్టుకోడని చెప్పలేదు. ఈ పని పోతే ఇంట్లో కాలేజీ కూడా మానిపిస్తారు."

అది రంజాన్ నెల. పొద్దుటి నుంచి మంచినీళ్ళయినా ముట్టకుండా ఊరందరికీ కప్పులు నింపుతోందన్నమాట.

లెక్చరరు గారు వినతిపత్రం నా చేతిలో పెట్టారు. "ఏమయ్యా, అమ్మాయి ఇస్తుంటే నేను తాగుతా. తియ్యి" అన్నారు ఫొటోగ్రాఫరుతో.

జనంలోంచి ఒకడు అరిచాడు: "ఏంటి మేడమ్, వీళ్ళని పంపించెయ్యమని వచ్చి మీరే తాగేస్తున్నారా!"

"పంపించమన్నది కంపెనీని బాబూ, పిల్లల్ని కాదు. నాకసలే షుగరు, త్వరగా కానివ్వమను."

సూపర్‌వైజరు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. నేత చీర, నెరిసిన జుట్టు, కళ్ళజోడు. ఇంటిల్లిపాదీ తాగే డ్రింకని చెప్పుకోవడానికి బాగుంటుందని తోచినట్టుంది. వెంటనే హుషారెక్కింది అతనికి.

"మేడమ్, కొంచెం ఇటు తిరగండి. లేబుల్ కనపడాలి. ఇంకొంచెం నవ్వాలి మేడమ్."

ఆవిడ తిరిగారు. నవ్వారు కూడా. ఆ పిల్ల సీసా అందిస్తుంటే ఒక్క గుక్క వేసి, "అబ్బా, పానకమే" అన్నారు.

వెళ్ళేటప్పుడు వినతిపత్రం నాకే వదిలేసి, "ఇందులో ఒక్క ముక్క తగ్గించొద్దండీ. ఒకటి కలపండి, వాళ్ళకి కుర్చీలు వెయ్యాలని. నవ్వుతూ నిలబడ్డం ఎంత కష్టమో ఇప్పుడే తెలిసింది" అన్నారు.

"మరి ఫొటో?"

"మీ ఇష్టం."

ఆ ఫొటో మా డెస్కుకి చేరితే ఆవిడ వినతిపత్రం వార్త పక్కనే వేసి ఊరంతా నవ్వించేవాళ్ళు. ఫొటోగ్రాఫరూ నేనూ మాట్లాడుకోకుండానే అది కంపెనీకి మాత్రమే వెళ్ళింది.

పొద్దు వాలాక మసీదు నుంచి అజాన్ వినపడింది. ఆ పిల్ల టేబుల్ వెనక్కి తిరిగి, బ్యాగులోంచి ఖర్జూరం తీసి నోట్లో వేసుకుంది. ఆటగాళ్ళ కోసం పెట్టిన డ్రమ్ములోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. ఆగకుండా రెండు గ్లాసులు తాగింది.

మర్నాడు ఫైనల్స్‌కి మళ్ళీ వెళ్ళాను. ఆవిడ వినతిపత్రం పేపర్లో పూర్తిగా వచ్చింది, కుర్చీల మాటతో సహా. ఆ అమ్మాయి టేబుల్ దగ్గర ఉంది. నిలబడే ఉంది.